చెల్లెలి గడప ముందు కడుగు నీళ్లు

మా చెల్లెలు పాచి మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్న రోజు, నేను మా తలుపు దగ్గర నిలబడి అన్న మాట ఒక్కటే. "సూసుకోని నడవాల గదా." అప్పుడు నా చేతుల నిండా మినప్పిండి ఉంది. లోపల గ్రైండర్ తిరుగుతోంది. బయట ఇద్దరు ముగ్గురు పిండి కోసం గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇవన్నీ సాకులే. అది జారింది నేను పారబోసిన నీళ్ల మీద. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు, సందులో అందరికీ తెలుసు. తప్పు నాదైనప్పుడే నా నోరు ఇంకా పెద్దదవుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా అమ్మ నన్ను చూసే అనేది.

మదనపల్లెలో మా రెండు ఇళ్లూ పక్కపక్కనే. పెళ్లిళ్లయ్యాక కూడా విడిపోకూడదని ఇద్దరం పంతం పట్టి, ఒక్క స్థలం కొని, దాన్ని చెరిసగం చేసి కట్టుకున్నాం. సందు వాలుగా ఉంటుంది. మాది ఎగువ, దానిది దిగువ. నేను ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముతాను. అది జాకెట్లు కుట్టేది. మధ్యలో ఒకే గోడ. నా గ్రైండర్ చప్పుడు దానికి, దాని కుట్టు మిషన్ చప్పుడు నాకు వినిపిస్తుండేవి. దాని మొగుడు చనిపోయాక దాని మిషన్ ఇంకాస్త ఎక్కువ సేపు తిరిగేది. ఏ పూటైనా ఆగిపోతే గోడ మీద తట్టి, "ఏమ్మే, తిన్నావా?" అని అరిచేదాన్ని. "తింటాండా అక్కా" అని జవాబొచ్చేది.

పిండి వ్యాపారమంటే సగం నీళ్ల వ్యాపారమే. బియ్యం కడగాలి, పప్పు కడగాలి, నానిన పప్పు పొట్టు పోయేదాకా మళ్లీ కడగాలి. తర్వాత రోలు, గిన్నెలు, తపేళాలు. తెల్లగా చిక్కగా ఉండే ఆ కడుగు నీళ్లు మొదట్లో ఎవరికీ అడ్డం కాలేదు. సందు చివర ఒకామె ఆవుల్ని పెట్టుకుని పాలు పోసేది. ఆమె పొద్దునా సాయంత్రం వచ్చి కడుగంతా కుడితికి పట్టుకుపోయేది. తర్వాత ఆమె ఆవుల్ని అమ్మేసి సోమలకు, కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నా నీళ్లన్నీ సందులోకే. వాలు కాబట్టి తిన్నగా చెల్లెలి గడప ముందుకు పోయి, అక్కడున్న పల్లంలో నిలిచి పులిసేవి. ఎండాకాలంలో వాసన, వానాకాలంలో పాచి. అది రెండుసార్లు చెప్పింది. మెల్లగానే చెప్పింది. "అక్కా, ఆ నీళ్లకేమన్నా దావ చూడు." నేను "సూస్తాలే" అన్నాను. అన్నానంతే.

చెయ్యి విరిగాక కుప్పం నుంచి దాని కూతురు వచ్చింది. ఆ పిల్లకు అక్కడే ఉద్యోగం. కట్టు విప్పేదాకా తన దగ్గర ఉండమని వాళ్లమ్మను తీసుకుపోయింది. వెళ్లే రోజు అది నాతో పోట్లాడలేదు, తిట్టలేదు. "పోయొస్తా అక్కా" అని చెప్పి ఆటో ఎక్కింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేసి, రెండు రోజులకు అన్నీ మర్చిపోయేవాళ్లం. అక్కాచెల్లెళ్లం కదా, చిన్నప్పటి నుంచీ అంతే. ఈసారి దానికి తిట్టాలనిపించలేదు. ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

కట్టు విప్పారని ఫోన్లో తెలిసింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, అది రాలేదు. గోడకు అవతల ఏ చప్పుడూ లేదు. గ్రైండర్ ఆపిన ప్రతిసారీ నా చెవులు అటే పోయేవి. పిండి కోసం వచ్చినవాళ్లు "మీ చెల్లెలెప్పుడొస్తాదమ్మా, జాకెట్టు గుడ్డ ఉండాది" అని అడిగితే వాళ్ల మీద కసురుకునేదాన్ని. నాకు అది కావాలి. ఇంకేమీ కాదు, అది వచ్చి మళ్లీ ఆ ఇంట్లో ఉండాలి. ఫోన్ చేసి "తప్పు నాదేమ్మే, రా" అంటే సరిపోయేదేమో. ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. పది మాటలు అనడం వచ్చు నాకు, ఒక మాట వెనక్కి తీసుకోవడం రాదు.

అప్పుడే గ్రైండర్ రాళ్లు అరిగిపోయి, గాట్లు పెట్టించడానికి పుంగనూరు వెళ్లాను. రాళ్లవాడు సాయంత్రం దాకా పడుతుందన్నాడు. ఎదురుగా పైపుల అంగడి ఉంటే అక్కడి బెంచీ మీద కూర్చున్నాను. అంగడి ముందర గోడకు నాలుగు లావాటి పైపులు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి బిగించి ఉన్నాయి. వాటికి వరసగా కన్నాలు, కన్నాల్లోంచి ఎర్రటి పూలతో మెట్టతామర మొక్కలు. మట్టి అన్నదే లేదు. అంగడాయన నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కున్న నీళ్లు ఒక గొట్టం గుండా ఆ పైపుల్లోకే పోతున్నాయి.

"ఏం భాయ్, పైపుల్లో చెట్లు పెంచుతాండావు?" అన్నాను.

ఆయన కింద ఉన్న బకెట్ చూపించాడు. పై నుంచి దిగి వచ్చిన నీళ్లు అందులో చుక్క చుక్కగా పడుతున్నాయి. బకెట్ అడుగు కనిపిస్తోంది. "పైన మురికి నీళ్లు పోసినా, కింద ఇట్లే వస్తాదక్కా. వేళ్లు తినేస్తాయి మురికంతా. బెంగళూరులో ఒక నర్సరీ కాడ సూసి వచ్చినా. మొదుట నవ్వినారు అందరూ. ఇప్పుడు పైపులకన్నా దీన్ని సూసేకే వస్తాండారు."

నేను లేచి వెళ్లి ఆ బకెట్‌లో చెయ్యి పెట్టి చూశాను. వాసన చూశాను. వాసనేమీ లేదు. నా నీళ్లు ఇట్లా అయితే దాని గడప ముందు ఒక్క చుక్క నిలవదు, పాచి ఉండదు, అది వస్తుంది. నా బుర్రలో లెక్క అంత సులువుగా తేలిపోయింది. సారీ చెప్పక్కర్లేదు, పైపులు చెప్తాయి అనుకున్నాను. రాళ్లతోపాటు పైపులు కూడా బస్సు మీద వేయించుకుని ఇంటికొచ్చాను.

మా ఆయన నన్ను, పైపుల్ని మార్చి మార్చి చూశాడు. ఆయన పని పిండి పాకెట్లు మోపెడ్ మీద హోటళ్లకు చేరవేయడం, మిగతా టైమంతా నన్ను ఆటపట్టించడం. "ఏమ్మే, ఇడ్లీలు పోయి తామరపూలు అమ్ముదామనా?" అన్నాడు. విషయం చెప్పాను. "చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాండావు" అన్నాడు. అని, తానే వెళ్లి కన్నాలు పెట్టే మిషన్ బాడుగకు తెచ్చాడు.

పెరట్లో ఒకటి ఎత్తు మీద, ఒకటి దాని కింద, రెండు నీలం డ్రమ్ములు నిలబెట్టాం. మొదటి డ్రమ్ములో నీళ్లు కాసేపు నిలిచి పిండి అడుక్కు దిగుతుంది. రెండో దాంట్లో కంకర. అందులోంచి వడిసి వచ్చిన నీళ్లు పైపుల్లోకి, అక్కడి నుంచి కింద పెట్టిన తొట్టిలోకి. పైపు కన్నాల్లో పెట్టడానికి ప్లాస్టిక్ గ్లాసులకు నేను సూది కాల్చి బొక్కలు పొడిచాను. ఒక్కో గ్లాసులో గుప్పెడు కంకర, కాస్త కొబ్బరి పీచు, ఒక పిలక. మెట్టతామర పిలకలు భాయ్ ఇచ్చాడు. వట్టివేరు గంగవరం దగ్గర ఒక రైతు చేనిగట్టు నుంచి పెరికి ఇచ్చాడు. వేళ్లు పైపులో నీళ్లకు తగిలేలా వేలాడదీయాలి, మొక్క మొదలు మాత్రం తడవకూడదు. ఈ కొలత కుదరడానికే నాకు పది రోజులు పట్టింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక శుక్రవారం టెంకాయ కొట్టి నీళ్లు వదిలాను.

ఇల్లలకగానే పండగ కాదు. మూడు వారాలైనా కింది తొట్టిలోకి వచ్చే నీళ్లు మజ్జిగ రంగులోనే ఉన్నాయి. భాయ్‌కి ఫోన్ చేస్తే, "వేళ్లకు, రాళ్లకు మంచి క్రిములు పట్టాలక్కా. అవే పని చేసేది. పట్టేకి టైం పడతాది" అన్నాడు. క్రిములా? క్రిముల సంగతి నాకు చెప్తాడా? ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది క్రిముల పనే. కొత్త పిండి పొంగాలంటే గిన్నె అడుగున పాత పిండి కాస్త ఉంచి కలుపుతాం. చలికాలమైతే ఇంకో గరిటె ఎక్కువ. ఆ పులుపు లేకపోతే ఇడ్లీ రాయిలా ఉంటుంది. ఇంత చిన్న కిటుకు ఈయనకు తెలియదే అని జాలిపడి, నిన్నటి పులిసిన పిండి ఒక పెద్ద తపేళా నిండా తెచ్చి రెండు డ్రమ్ముల్లోనూ కలిపాను. కాస్త వెచ్చగా ఉంటే బాగా పొంగుతుందని పైన గోనెసంచి కప్పాను కూడా.

పొంగింది. తెల్లారేసరికి రెండో డ్రమ్ము మూత లేచిపోయి, నురగ అంచుల మీదుగా కారుతోంది. పైపుల నిండా బంకలాంటి జిగురు. మూడో రోజుకు మెట్టతామర ఆకులు పసుపు పచ్చగా వాలిపోయాయి. ఒక గ్లాసు ఎత్తి చూస్తే వేళ్లు నల్లబడి, పట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. ఇక వాసన! వెనకటి వాసన దీని ముందు ఎంత. ఎదురింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ముందే బాగుండె గదమ్మా" అంది. మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోంచి బయటికి పోయాడు. నేను ఆ చచ్చిన మొక్కల దగ్గర కూర్చుని ఏడ్చాను. మొక్కల కోసం కాదు. అది ఇక రాదేమోనని.

భాయ్ మోటారు సైకిల్ మీద మదనపల్లె వచ్చాడు. డ్రమ్ములో తొంగి చూసి, తల పట్టుకుని, "అరె అక్కా, ఇడ్లీ పెట్టినావా దీంట్లో?" అన్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. "ఈ క్రిములకు గాలి కావాల. నీ పిండి క్రిములు గాలి లేకుండానే బతుకుతాయి, మిగతావాటిని బతకనీవు. దీనికి తిండి ఎక్కువైపోయింది, ఊపిరి లేదు."

అన్నీ విప్పి, కడిగి, మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి తిండి తగ్గించాం. మొదటి రెండు కడుగుల చిక్కటి నీళ్లు వేరే బిందెల్లో పట్టి, ఊరి బయట ఆవులున్న వాళ్లింటికి మా ఆయన మోపెడ్ మీద కుడితికి ఇచ్చి రావడం మొదలుపెట్టాడు. ఈ పని ఆవులామె వెళ్లిపోయిన మర్నాడే చేసి ఉండొచ్చు. అప్పుడు తోచలేదు, తోచినా బద్ధకం. పలచటి నీళ్లు మాత్రమే డ్రమ్ముల్లోకి. పులుపు విరగడానికి చిటికెడు సున్నం. చేపల తొట్టిలో పెట్టే చిన్న గాలి మోటారు ఒకటి రెండో డ్రమ్ములో. నీళ్లు ఒక పైపు నుంచి ఇంకో పైపులోకి జానెడు ఎత్తు నుంచి పడేలా కూడా మార్చాం. వానలు పడి తగ్గేసరికి వేళ్లు తెల్లగా, పొడుగ్గా దిగాయి. మెట్టతామర మొదటి పువ్వు విచ్చిన రోజు కింది తొట్టిలో నీళ్లు చూస్తే, అడుగున పడ్డ నా గాజు ముక్క కనిపించింది. తాగే నీళ్లు కావు, పిండికి పనికిరావు. మొక్కలకు పోయడానికి, పెరడు కడగడానికి సరిపోయేవి. సందులోకి చుక్క పోవడం లేదు.

చెల్లెలి గడప ముందున్న పాచిని నేనే బండరాయితో గీకాను. బ్లీచింగు చల్లి, చీపురుతో రుద్ది కడిగాను. ఆ గడప రాయి అసలు రంగు ఏమిటో మర్చిపోయాం ఇద్దరమూ, బూడిద రంగుది. తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు వేయడమేమిటని ఎదురింటావిడ అడిగింది. "నా చెల్లెలిల్లు, నా ముగ్గు, నీకేమి?" అన్నాను. ప్రతి పొద్దునా నా వాకిట్లో ఒకటి, దాని వాకిట్లో ఒకటి వేశాను. చెరిపేవాళ్లు లేక దాని ముగ్గు సాయంత్రం దాకా అలాగే ఉండేది. నా ముగ్గు పిండికి వచ్చేవాళ్ల కాళ్ల కింద పడి గంటలో పోయేది.

ఇక ఉండలేక కుప్పం వెళ్లాను. పుంగనూరు మీదుగా పలమనేరు, అక్కడ బస్సు మారి వి.కోట మీదుగా కుప్పం. దారంతా ఏం చెప్పాలో మనసులో అప్పజెప్పుకున్నాను. చేతిలో ఒక సీసా నిండా తొట్టి నీళ్లు. ఫోన్లో ఫోటోలు.

దాని కూతురి ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. ముందు గదిలో మిషన్ వేసుకుంది. పక్కన కుట్టిన జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచి వచ్చింది. సంతోషంగానే వచ్చింది. "యాడి నుంచి అక్కా, ఫోనన్నా చెయ్యకపోతివే" అని లోపలికి తీసుకుపోయి, సంగటి, చెనిగ్గింజల పచ్చడి పెట్టింది. మంచినీళ్ల చెంబు అందించేటప్పుడు రెండు చేతులతో పట్టుకుంది. ఇదివరకు అది ఒక్క చేత్తో నిండు బిందె దించేది. గుడ్డ కత్తిరించే పని ఇప్పుడు కూతురు చేస్తోందట. కుట్టడానికి పర్వాలేదు గాని కత్తెర పట్టుకుంటే లాగుతుందని అది మాటవరసకు అన్నట్టు అంది. అడగాల్సిన మాట అప్పుడే నా గొంతులోకి వచ్చింది. నేను సీసా తీసి బల్ల మీద పెట్టి, పైపుల గురించి మొదలుపెట్టాను.

గంటసేపు చెప్పాను. డ్రమ్ములు, కంకర, వేళ్లు, పులిసిన పిండి పొంగిన కథ. ఆ కథకు అది పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎంత కాలమైందో. ఫోటోలన్నీ చూసింది. తన గడప ఫోటో కాస్త ఎక్కువ సేపు చూసింది. "ఎంత శుభ్రంగా ఉండాది. మంచి పని చేస్తివక్కా" అంది.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"వస్తాలే" అంది.

ఆ "వస్తాలే" పట్టుకుని నేను రెండు నెలలు బతికాను. ఎవరడిగినా వస్తుందనే చెప్పాను. దానికి ఇష్టమని పైపుల్లో పుదీనా కూడా వేద్దామనుకుని, మురికి నీళ్లలోది తినకూడదని భాయ్ చెబితే మానుకున్నాను.

ఒక మధ్యాహ్నం గోడకు అవతల గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది. గ్రైండర్ ఆపేసి, పిండి చేతులతోనే పరిగెత్తాను. అది వాకిట్లో నిలబడి ఉంది. దాని పక్కన ఎవరో మొగుడూ పెళ్లాలు. ఆమె ఇంటి ముందు భాగాన్ని, సందును అటూ ఇటూ చూస్తూ, "సందు నీట్‌గా ఉండాదండీ" అంటోంది. చెల్లెలు నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "ఈయమ్మే మా అక్క" అని వాళ్లకు చెప్పింది. నాతో అంది. "నాలుగు దినాల్లో రిజిస్ట్రేషన్ అక్కా. నీకు నేరుగా చెప్తామనే ఫోన్లో చెప్పలేదు. ఇదివరకు బ్రోకరు పిల్చుకొచ్చినోళ్లంతా ఆ వాసన సూసి గడప కాడి నుంచే ఎనక్కి పోయిరి. నీ పుణ్యమా అని ఇల్లు అమ్ముడుపోయింది. నువ్వు ఆ నీళ్లు బాగు చెయ్యకుంటే ఎవురు కొనేవాళ్లు?"

దెప్పి అనలేదు. అది దెప్పే మనిషి కాదు. మనస్ఫూర్తిగానే అంది. నా చేతి పిండి దాని చేతికి అంటుకుంది. అది తుడుచుకోకుండా అలాగే పట్టుకుని ఉంది. "అమ్మొద్దు" అనాల్సింది. "అన్నం తినేసి పోండి" అన్నాను అందరితో.

సామాను తీసుకుపోయే రోజు మా ఆయన, అదీ కలిసి అన్నీ వ్యాన్‌లో సర్దారు. అన్నీ అయ్యాక అది మా పెరట్లోకి వచ్చి పైపుల ముందు నిలబడింది. నీళ్లు ఒక పైపు నుంచి ఇంకో దాంట్లోకి పడుతుంటే చూసింది. "నా మింద కోపమా ఏమ్మే నీకు?" అన్నాను. అదే నేను అడగగలిగింది. అది ఆశ్చర్యంగా చూసింది. "కోపమా? అది ఎప్పుడో పాయెనక్కా. ఆడ అలవాటైపోయింది, అంతే." కోపమైతే పైపులతో పోయేది. అలవాటుకు నా దగ్గర ఏ మందూ లేదు.

కొత్తవాళ్లు వచ్చి ఇప్పటికి మూడు నెలలు. వి.కోట మనుషులు. ఆమె మంచిది, కలుపుగోలు మనిషి. రోజూ పిండి నా దగ్గరే తీసుకుంటుంది. వాళ్లింటి అంట్ల నీళ్లు కూడా పైపుల్లోకి పెట్టిస్తే బాగుంటుందని తానే అడిగింది. మొన్న ఇద్దరం కలిసి కొత్త డ్రమ్ము దించి, కంకర నింపుతున్నాం. ఆమె చేతులకున్న మట్టి దులుపుకుంటూ అడిగింది. "ఒక మాట అడుగుతా ఏమీ అనుకోవద్దమ్మా. ఇంత మంచి ఇల్లు, పక్కనే సొంత అక్క. మీ చెల్లెలు యాల అమ్ముకునిరి?"

"నా నోటి వల్ల" అన్నాను. "అది నా నీళ్ల మీదే జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, నొప్పిగా ఉండాదా అని కూడా అడక్కుండా తిడితిని. తప్పు నాదమ్మా, అంతా నాదే."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. ఏడాది పైగా రానిది. ఆమె నా మొహంలోకి చూసి, నేనేదో సరదాకు అంటున్నాననుకుంది. "పోమ్మా, మీరు భలే మాట్లాడతారు" అని నవ్వి, ఇంకో బొచ్చె కంకర ఎత్తి డ్రమ్ములో పోసింది.